కుందేలు పిల్లకు శుచిత్వము నేర్పుట

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అని మనలో సామెత కలదు. ఎదుట నున్న దానిని చూడక, తన మాటయే నెగ్గవలెనని పట్టుబట్టువానిని గూర్చి పెద్దలు ఈ మాట చెప్పుదురు. కుందేలు పిల్లను ఇంటికి తెచ్చి, అది ఇల్లు పాడుచేయుచున్నదని విసిగి, కొట్టియో తిట్టియో దానిని మార్చజూచు గృహస్థులకు ఈ సామెత చక్కగా సరిపోవును. నేనును ఒకప్పుడు అట్టివాడనే. ఆ సంగతి తరువాత చెప్పెదను.

గత సంవత్సరము కార్తిక మాసములో ఒక సోమవారము, ఆరవ తరగతి బాలుడొకడు ప్రార్థన ముగిసిన పిమ్మట తరగతికి పోక నా గది వాకిట నిలిచియుండెను. కారణ మడుగగా, "మేష్టారండీ, మా చెవులపిల్లిని ఆదివారం సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో వదిలేస్తామని మా నాన్నగారు అన్నారండీ" అని కన్నీరు పెట్టుకొనెను. అది ఇల్లంతయు పాడుచేయుచున్నదట. నాయనమ్మగారికి మడి సాగుట లేదట. దానిని తెచ్చి అప్పటికి ఐదు వారములు మాత్రమే అయినది.

సరుగుడు తోటలో వదలబడిన పెంపుడు కుందేలు ఎన్నాళ్ళు బ్రదుకును? దాని తెల్లని రోమము ఇసుకలో దూరమునకే కనబడును. అది బొరియ త్రవ్వుకొను లోపుగనే కుక్కయో నక్కయో దానిని పట్టును. మనుష్యుల చేతి మేతకు అలవాటుపడినది గనుక, ఏది తినదగినదో ఏది తినరానిదో కూడ దానికి తెలియదు. "వదలివేయుట" అని మనము మెత్తగా అను మాటకు అర్థము దాని చావే. కుందేలుకు మూత్రవిసర్జన స్థానము నేర్పుట చిన్న సంగతివలె తోచును గాని, అది ఆ ప్రాణి బ్రదుకుటకును చచ్చుటకును సంబంధించిన సంగతి. ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మిదియే.

మరునాడు ఆ బాలుని తండ్రిని పిలిపించి మాటలాడితిని. ఆయన మంచివారు. "మేష్టారూ, కొట్టి చూశాను, తిట్టి చూశాను, దానికి బుద్ధి రావడం లేదండీ. ఇల్లంతా ఒకటే వాసన" అనిరి. "ఇల్లంతయునా, ఒక చోటనా?" అని అడిగితిని. "ఇల్లంతానండీ" అనిరి. అంతవరకు గోడకు ఆనుకొని నిలిచియున్న బాలుడు మెల్లగా, "కాదు నాన్నా, బీరువా పక్క మూలలోనే పోస్తుంది. మీరు రోజూ అక్కడ ఫినాయిలు పోసి కడుగుతారు కదా, అందుకని మళ్ళీ ఆ పక్కకి పోతుంది" అని చెప్పెను. ఐదు వారములుగా ఈ సంగతి వానికి తెలియును. వాని నడిగినవారు లేరు.

ఈ పాఠమునకు సారమంతయు ఆ బాలుని మాటలోనే కలదు. కుందేలు తన చోటును తానే ఎన్నుకొనును. అది ఎన్నుకొన్న చోటును మనము గుర్తించి, అచ్చట తొట్టి నుంచవలెను. అంతకు మించి మనము దానికి నేర్పునది మిక్కిలి తక్కువ.

కుందేలు స్వభావము

అసాధ్యమైన దానికి మన కవులు కుందేటి కొమ్మును ఉదాహరణముగ చూపిరి. కుందేలుకు శుచిత్వము నేర్పుట అట్టి అసాధ్య కార్యము కాదు. ఏలయన ఆ గుణము దానికి పుట్టుకతోనే వచ్చినది.

మనము పెంచు కుందేలునకు పూర్వులు స్పెయిను, పోర్చుగలు దేశములలోను, దక్షిణ ఫ్రాన్సులోను నివసించిన అడవి కుందేళ్ళు. అవి నేలలో బొరియలు త్రవ్వి, గుంపులుగా కాపురముండును. నిద్రించు బొరియను పాడుచేసికొనవు. బయట కొన్ని నియత స్థలములలో అన్నియు పెంటికలు వేయును. అట్టి చోట్ల పెంటికలు కుప్పలు కుప్పలుగా పేరుకొనును. ఆస్ట్రేలియాలో రోమన్ మికిటోవిచ్ అను శాస్త్రజ్ఞుడు 1960 దశకములో ఈ కుప్పలను శ్రద్ధగా పరిశీలించెను. కుందేలు గుదమువద్ద నుండు గ్రంథులనుండి వచ్చు వాసన ఆ పెంటికలకు పట్టి, "ఇది మా చోటు" అని ఇతర కుందేళ్ళకు తెలుపునని ఆయన వివరించెను. మనము పొలము గట్టున సరిహద్దు రాయి పాతినట్లు, కుందేలు తన పెంటికలతో సరిహద్దును ఏర్పరచుకొనును. దవుడ క్రింది గ్రంథిని రాచి వస్తువులకు వాసన పట్టించుటయు ఇట్టిదే. మీ కుందేలు కుర్చీ కాలికి గడ్డము రాచినచో, ఆ కుర్చీ తనదని అది ప్రకటించుచున్నదని తెలిసికొనుడు.

ఈ స్వభావమునుండి మనకు మూడు సంగతులు తెలియును. మొదటిది: వాసన యున్న చోటికే అది తిరిగి పోవును. రెండవది: తాను పడుకొను చోటును సాధారణముగ పాడుచేయదు. మూడవది: క్రొత్త చోటికి వచ్చినప్పుడు, లేక తన చోటు తనది కాకుండ పోవునేమో యని బెదరినప్పుడు, ఎక్కువగా అచ్చటచ్చట వేయును. కొట్టుటవలన కుందేలునకు కలుగునది ఈ మూడవ స్థితియే. కావున కొట్టినకొలది ఇల్లు మఱింత పాడగును.

ఇచ్చట ఒక హెచ్చరిక. మన పొలములలో తిరుగు చెవులపిల్లి వేరు, ఈ పెంపుడు కుందేలు వేరు. పొలములోనిది బొరియ త్రవ్వదు, గడ్డి దుబ్బు మరుగున పల్లములో పడుకొనును. దాని పిల్లలు కన్నులు తెరచి, రోమముతోనే పుట్టును. పెంపుడు కుందేలు పిల్లలు కన్నులు మూసికొని, రోమము లేకుండ పుట్టును. మన యిళ్ళలో రెండింటికిని చెవులపిల్లి అను పేరే. ఒడియాలోను ఠెకువా అను ఒక్క మాటయే. పేరు ఒకటైనను జాతి వేరు. పొలములో దొరకిన పిల్లను ఇంటికి తెచ్చి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. అదియునుగాక, అట్టి పిల్ల బెదరుతోనే చచ్చును. పిల్లలకు ఈ భేదము తప్పక చెప్పవలెను.

నా తప్పు

ఇరువది యైదు సంవత్సరముల క్రిందట మా యింట ఒక కుందేలు పిల్ల యుండెను. నా పెద్ద కుమార్తె ముచ్చటపడి తెప్పించుకొన్నది. అది వచ్చిన పది దినములకు నా పరీక్ష పత్రముల కట్టపై మూత్రము పోసెను. నేను కోపముతో దాని మెడ పట్టి, ఆ తడి కాగితములకు ముక్కు రాచి, మడిచిన వార్తాపత్రికతో రెండు దెబ్బలు వేసితిని. అది పోయి ఇనుప పెట్టె వెనుక దాగెను. ఆ దినమంతయు బయటికి రాలేదు. మరునాడు గడ్డి ముట్టలేదు. మూడవనాడు ఉదయము చచ్చి కనబడెను. ఎండవేడికి చచ్చినదని నేను ఇంటిలో చెప్పితిని. నేనును అట్లే అనుకొంటిని.

చాల కాలమునకు గాని నాకు తెలియలేదు: కుందేలు ప్రేగులు ఎప్పుడును కదలుచుండవలెను. భయమువలనగాని, నొప్పివలనగాని అది మేత మానినచో ప్రేగుల కదలిక నిలిచిపోవును. పండ్రెండు గంటలు ఏమియు తినక, పెంటికలు వేయక యున్న కుందేలు ప్రాణాపాయములో నున్నదని ఎంచవలెను. నా కుమార్తె ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. ఎండవేడిని గూర్చి నేను చెప్పిన మాట సరికాదని, ఈ వ్యాసము వ్రాయుటకు ముందు ఆమెతో చెప్పితిని. "నాకు అప్పుడే తెలుసు నాన్నా" అని మాత్రము ఆమె అన్నది.

కుందేలు ఇతర ప్రాణులకు ఆహారమైన జంతువు. తనను పట్టు చేయి గ్రద్ద గోరువలెనే దానికి తోచును. తప్పు చేసిన నిమిషమునకును దెబ్బ తగిలిన నిమిషమునకును సంబంధమును అది ఊహింపజాలదు. మనిషి వచ్చిన నొప్పి కలుగునని మాత్రమే నేర్చుకొనును. కావున దెబ్బ, కేక, ముక్కు రాచుట అనునవి ఈ పాఠమున లేవు.

కావలసిన సామగ్రి

వ్యయము స్వల్పము. పాత్రలు కడుగు వెడల్పైన ప్లాస్టిక్ తొట్టి ఒకటి చాలును. కుందేలు అందు సుఖముగా కూర్చుండి వెనుకకు తిరుగగలిగినంత వెడల్పు ఉండవలెను. సుమారు ఒకటిన్నర అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు కలది పెరిగిన కుందేలునకును సరిపోవును. పిల్ల ఎక్కుటకు వీలుగా ఒక ప్రక్క అంచు మూడు నాలుగు అంగుళములకు మించరాదు. ఎత్తైనచో ఆ ప్రక్కను కోసి, అంచును నున్నగా చేయవలెను.

అడుగున పాత వార్తాపత్రికలను నాలుగైదు పొరలుగా పరచి, దానిపై రెండు వ్రేళ్ళ మందమున ఎండిన వరిగడ్డి వేయవలెను. గడ్డికి బూజు ఉండరాదు. వానకాలములో దీనిని ముఖ్యముగ చూడవలెను. పిల్లులకై అమ్ము, తడి తగిలిన గట్టిపడు మట్టి గుళికలు వాడరాదు. కుందేలు వానిని కొరికి మ్రింగినచో ప్రేగులలో గడ్డకట్టును. దుమ్ము లేచు రంపపు పొట్టు ఊపిరితిత్తులకు మంచిది కాదు. దేవదారు జాతి చెక్కల పొట్టు వాసనయు దానికి హానికరము. తొట్టియడుగున తీగ వల పరచినచో పాదములు పుండ్లు పడును.

మిగిలినవి: దాగుకొనుటకు ద్వారము కోసిన అట్టపెట్టె, నీటి గిన్నె, ఎండుగడ్డి, అచ్చటచ్చట పడిన తడి తుడుచుటకు నీరు కలిపిన వెనిగరు. ఫినాయిలు వలదు. దాని ఘాటు కుందేలు ముక్కును బాధించును. దానికి బెదరి అది మఱియొక మూలను వెదకికొనును. వెనిగరు మూత్రములోని సున్నపు చారను కరగించి, వాసనను పోగొట్టును.

నేర్పు క్రమము

ఎనిమిది వారములు నిండని పిల్లను కొనవలదు. తల్లిపాలు మానక ముందే తెచ్చి అమ్మిన పిల్లలు తరచుగ విరేచనములు పట్టి చచ్చును. అరచేతిలో ఇముడునంత చిన్నది ఎంత ముద్దుగా నున్నను, దానిని తల్లియొద్దనే ఉండనీయవలెను.

మొదటి వారము: పిల్లను ఇల్లంతయు తిరుగనీయరాదు. చల్లని మూల యొకటి చూచి, నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల ఆవరణ నేర్పరచుడు. అందులో అట్టపెట్టెను, నీటిని, మేతను ఉంచుడు. రెండు మూడు దినములు ఏ మూల మూత్రము పోయుచున్నదో గమనింపుడు. సాధారణముగ ఒకే మూల నెన్నుకొనును. మన కిష్టమైన మూలలో తొట్టి నుంచి, దానినే వాడవలెనని పట్టుబట్టినచో మూడు కాళ్ళ సామెత మరల మన పాలబడును. అది ఎన్నుకొన్న మూలలోనే తొట్టి నుంచుడు. తడిసిన కాగితపు ముక్కను, గుప్పెడు పెంటికలను అందు వేయుడు. వాసన దానికి దారి చూపును.

మేతను గూర్చి ఒక కీలకము కలదు. కుందేలు తినుచునే పెంటికలు వేయు జంతువు. కావున ఎండుగడ్డిని తొట్టికి ఒక కొనయందుగాని, తొట్టిలో కూర్చుండి అందుకొనునట్లు ప్రక్కనగాని ఉంచుడు. తినుటకై తొట్టిలో కూర్చుండును; కూర్చున్నది గనుక అచ్చటనే వేయును. ఈ ఒక్క ఏర్పాటువలన సగము పని జరుగును. మన తంపరా చెరువు ప్రాంతమున దొరకు గరికను కోసి, నీడన ఎండబెట్టి వాడవచ్చును. కుక్కలు తిరుగు చోట, మందులు చల్లిన చోట కోయరాదు. ఎండుగడ్డి దాని పండ్లకును అవసరము. కుందేలు పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. నమలుట వలననే అవి అరుగును.

రెండవ వారము: తొట్టికి వెలుపల పడిన పెంటికలను చీపురుతో తీసి తొట్టిలోనే వేయుడు. మూత్రము పడినచో కాగితముతో అద్ది, ఆ కాగితమును తొట్టిలో నుంచి, నేలను వెనిగరుతో తుడువుడు. తొట్టిని దినము విడిచి దినము మార్చుడు గాని, పూర్తిగా వాసన పోవునట్లు ప్రతిసారి తోమకుడు. పాత గడ్డి పిడికెడు మిగిల్చి క్రొత్తదానిలో కలుపుడు. వారమున కొకసారి వెనిగరుతో కడిగి ఎండబెట్టిన చాలును.

మూడవ, నాల్గవ వారములు: వరుసగా మూడు నాలుగు దినములు మూత్రమంతయు తొట్టిలోనే పడినచో, ఆవరణను కొంచెము పెంచుడు. మరల తప్పులు పెరిగినచో, కోపగింపక వెనుకటి పరిమాణమునకు తగ్గింపుడు. గది అంతయు తిరుగు దశ వచ్చినప్పుడు ఎదుటి మూలలో రెండవ తొట్టి నుంచుట మేలు. పసిపిల్ల దూరమునుండి పరుగెత్తి వచ్చునంతసేపు ఆగజాలదు. పరుపులు, బొంతలు, గోనెపట్టాలు దానికి తొట్టివలెనే మెత్తగా తోచును. కావున మొదటి మాసములలో వానిని అందనీయరాదు. వంటయిల్లు, దేవుని గది మొదటినుండియు మూసియుంచిన, ఇంటి పెద్దల ఆచారమునకును భంగము రాదు.

వేసవిని గూర్చి ఒక మాట. కుందేలునకు చెమట పట్టదు. చెవులద్వారా వేడిని పోగొట్టుకొనును. 30 డిగ్రీలు దాటిన వేడి దానికి బాధాకరము. మన గంజాము తీరపు ఉక్కలో తొట్టిని ఎండ తగులు కిటికీ క్రింద నుంచినచో, అది తొట్టిని విడిచి చల్లని గచ్చుపైననే ఉండును. అప్పుడు తప్పు తొట్టిని ఉంచినవారిదే.

ఎంతవరకు ఆశింపవచ్చును?

ఈ క్రమమున మూత్రము దాదాపు అంతయు తొట్టిలోనే పడును. పెంటికలు మాత్రము అప్పుడప్పుడు నాలుగైదు వెలుపల కనబడును. ఒక్కొక్క కుందేలు దినమునకు రెండు మూడు వందల పెంటికలు వేయును. అందు నాలుగైదు దారి తప్పుట లెక్కలోనిది కాదు. అవి ఎండి గట్టిగా నుండును, వాసన యుండదు, చేట చీపురులతో ఎత్తివేయవచ్చును. నూటికి నూరు మార్కులు రావలెనను తండ్రికి కుందేలును పెంచుట కష్టము.

నాలుగైదు మాసముల వయస్సున ఒక చిక్కు వచ్చును. చక్కగా నేర్చిన పిల్ల ఒక్కసారిగా గోడలపై మూత్రము చిమ్ముట, అచ్చటచ్చట పెంటికలు వేయుట మొదలుపెట్టును. నేర్చినది మరచినదని చాలమంది ఈ దశలోనే విసిగి వదలివేయుదురు. అది మరచుట కాదు, యుక్తవయస్సు వచ్చుట. సరిహద్దులు గుర్తించు స్వభావము అప్పుడు మేల్కొనును. కుందేళ్ళ యందు అనుభవము గల పశువైద్యునిచే సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించినచో ఈ అలవాటు చాలవరకు తగ్గును. ఆడ కుందేళ్ళకు పెద్దవయస్సున తరచుగా వచ్చు గర్భాశయపు క్యాన్సరునుండియు అది కాపాడును. మన ప్రాంతమున అనుభవము గల వైద్యుడు దొరకనిచో, భువనేశ్వరములోని పశువైద్య కళాశాలలో విచారింపవచ్చును. ఆడ మగ కుందేళ్ళను కలిపి పెంచువారు, గర్భకాలము సుమారు 31 దినములు మాత్రమేయని గుర్తుంచుకొనవలెను.

భయపడదగినవి, భయపడనక్కరలేనివి

కుందేలు మూత్రము ఒకనాడు పసుపుగను, ఒకనాడు నారింజ వర్ణముగను, ఒకనాడు ఎఱ్ఱగను ఉండవచ్చును. తినిన ఆకుల రంగు అది. తెల్లగా సున్నపు నీటివలె ఉండుటయు సామాన్యమే. ద్రాక్షగుత్తివలె అంటుకొన్న మెత్తని పెంటికలను అది నేరుగ నోటితో అందుకొని తినుట చూచి కొందరు అసహ్యపడుదురు. అది రోగము కాదు. ఒకసారి జీర్ణమైన మేతలోని సారమును రెండవసారి గ్రహించుటకు ప్రకృతి చేసిన ఏర్పాటు. ఆవు నెమరువేయుట యెట్టిదో ఇదియు నట్టిదే. దానిని వారింపరాదు.

కాని చక్కగా తొట్టి వాడుచున్న కుందేలు హఠాత్తుగా అంతట మూత్రము పోసినను, మూత్రమునకై ముక్కినను, రక్తపు చారలు కనబడినను, అది అల్లరి కాదు. మూత్రాశయములో రాళ్ళో, నొప్పియో యుండును. పెంటికలు చిన్నవై, తక్కువై, లేక పూర్తిగా నిలిచినచో వెంటనే వైద్యునియొద్దకు కొనిపోవలెను. ప్రతి ఉదయము తొట్టిని చూచుట అనగా కుందేలు నాడిని చూచుటయే.

పిల్లలచే చేయించదగిన పని

ఆ బాలుని తండ్రి నాలుగు వారముల గడువిచ్చుటకు ఒప్పుకొనిరి. నేను బాలునకు ఒక పని అప్పగించితిని. ఒక చిన్న పుస్తకములో తేది వేసి, తొట్టికి వెలుపల ఎన్ని పెంటికలు పడినవి, ఎన్నిసార్లు మూత్రము పడినది, మేత తిన్నదా లేదా అని తెలుగులో వ్రాసి, ప్రతి సోమవారము నాకు చూపవలెనని చెప్పితిని. వాడు తెలుగు వ్రాయుటకు బద్ధకించువాడు. వీధిలో మాటలాడునది ఒడియా, ఇంటిలో మాత్రమే తెలుగు. మొదటి దినము వాడు వ్రాసినది: "బయట అరవైఒకటి. మూత్రం మూడు సార్లు. గడ్డి తిన్నది." ఒత్తులు తప్పులు. నేను ఎఱ్ఱసిరా వాడలేదు.

తొట్టిని బీరువా ప్రక్క మూలలోనే ఉంచిరి. ఫినాయిలు మానిరి. రెండవ వారమున లెక్క ఇరువదికి దిగెను. మూడవ వారమున ఆవరణ పెంచగా మరల నలుబది దాటెను. తండ్రి నిరాశపడిరి. బాలుడు పుస్తకము విప్పి, పెంచిన దినమునుండియే సంఖ్య పెరిగెనని తండ్రికి చూపెనట. ఇరువురును కలిసి ఆవరణను తగ్గించిరి. నాల్గవ వారాంతమునకు వెలుపల పడినవి నాలుగు. నాయనమ్మగారు ఆ పెంటికలను మల్లెపాదునకు వేయించుచున్నారని విని సంతోషించితిని. పశువుల పేడవలె వీనిని మాగబెట్టనక్కరలేదు. నేరుగా పాదులలో వేయవచ్చును.

ఈ పనిలో పిల్లలకును పెద్దలకును వంతు లుండవలెను. లెక్క వ్రాయుట, గడ్డి వేయుట, నీరు మార్చుట పిల్లలు చేయగలరు. తొట్టి కడుగుట, మేత కొనుట, వైద్యునియొద్దకు కొనిపోవుట పెద్దల బాధ్యత. పదేండ్ల బిడ్డ మరచెనని కుందేలును వదలివేయుట న్యాయము కాదు. తొట్టి ముట్టిన పిమ్మట అందరును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. కుందేలును చెవులు పట్టి ఎన్నడును ఎత్తరాదు. చిన్నపిల్లలు నేలపై కూర్చుండి దానిని నిమురవలెను గాని, చంకనెత్తుకొని తిరుగరాదు. గింజుకొని తన్నినచో దాని వెన్నెముక విరుగవచ్చును.

ముగింపు

తొట్టి నేర్చిన కుందేలు ఇంటిలోని గదిలో మనతో ఉండగలదు. మన జిల్లావారికి ఇది చిన్న లాభము కాదు. 2013 అక్టోబరు 12వ తేది రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూరు వద్ద తీరము దాటినప్పుడు పెరటిలోని రేకుల పాకలు ఏమైనవో మనమందరము చూచితిమి. అట్టి రాత్రి పెరటి గూటిలోని ప్రాణికి రక్ష లేదు. గదిలో తొట్టి ప్రక్కన కూర్చున్న ప్రాణికి కలదు.

ఛత్రపూర్‌లోని తల్లిదండ్రులకు నా మనవి ఇంతే. పిల్లలు కుందేలు కావలెనని అడిగినప్పుడు, ఎనిమిది పది సంవత్సరములు బ్రదుకగల ప్రాణిని తెచ్చుచున్నామని ముందుగ తెలిసికొనుడు. మీకు తీరిక లేనిచో వద్దని చెప్పుడు, అదియు దయయే. తెచ్చినచో మొదట తొట్టిని కొని, తరువాత కుందేలును కొనుడు. మొదటి మూడు దినములు ఏమియు నేర్పక చూచుచుండుడు. మీకు తీరికలేక చూడలేకపోయినచో, మీ బిడ్డను అడుగుడు. వానికి తెలిసియుండవచ్చును.

ఆ బాలుని పుస్తకము ఇప్పటికిని నా బల్ల సొరుగులో నున్నది. చివరి పుటలో వాడు నేను చెప్పకయే ఒక వాక్యము వ్రాసెను: "ఈ ఆదివారం నాన్నగారు తోటకి వెళ్ళలేదు. గడ్డి కోయడానికి వెళ్ళారు." అందు ఒత్తులన్నియు సరిగా నున్నవి.